పాలపండ్లే గదా!

ఏ గ్రామమునందైనను, ఏ పట్టణపు పేటయందైనను, ప్రాథమిక పాఠశాలలో ఒకటవ తరగతి పిల్లలను వరుసగా నిలువబెట్టి నోరు తెరువుమని అడిగినచో కనబడు దృశ్యము ఇంచుమించు ఒక్కటే. కొందరి ముందుపండ్లు చిగురు వరకు అరిగి నల్లని మోళ్లుగా మిగిలియుండును. కొందరి దవడపండ్లలో గుంటలు, ఆ గుంటలలో ఉదయము తిన్న బిస్కత్తు పిండి. ఒకరిద్దరి చిగురుపై చీముపొక్కు. అట్టి పిల్లవానిని నొప్పి యున్నదా యని అడిగినచో లేదని తల యూపును. నొప్పి లేని దినము ఎట్లుండునో వానికి తెలియదు గనుక అట్లు చెప్పును.

2002-03 సంవత్సరములలో భారత దంతవైద్య మండలి దేశమంతట జరిపిన పరీక్షలలో 5 ఏండ్ల పిల్లలలో 51.9 శాతమునకు, 12 ఏండ్లవారిలో 53.8 శాతమునకు, 15 ఏండ్లవారిలో 63.1 శాతమునకు దంతక్షయము కనబడినది. అనగా బడిలో అడుగిడు నాటికే సగముమంది పిల్లల నోటిలో పిప్పిపండ్లు ఉన్నవన్న మాట. ఇది ఈ దేశమునకు మాత్రమే పరిమితమైనది కాదు. పాలపండ్లు పుచ్చిన పిల్లలు లోకమున 51 కోట్లకు పైగా నున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించినది. మశూచి వలె ఊళ్లను తుడిచిపెట్టు వ్యాధి కాదు గనుక, కలరా వలె భయపెట్టునది కాదు గనుక, దీనిని వ్యాధిగా లెక్కించువారే అరుదు.

ఇండ్లలో వినబడు మాట ఒక్కటే: "పాలపండ్లే గదా, ఎట్లైనను ఊడిపోయేవే గదా!" ఊడిన పంటిని ఇంటికప్పు మీదికి విసరి కొత్తపన్ను రావలెనని కోరుకొను ఆచారము ఎంత ముచ్చటైనదో, ఈ మాట అంత హానికరమైనది. పాలపండ్లు ఇరువది. వానిలో ముందువి ఆరేడేండ్లకే ఊడుట నిజమే. కాని వెనుకనుండు పాల దవడపండ్లు పది, పన్నెండేండ్ల వయస్సు వరకు నిలువవలసినవి. 5వ యేట పుచ్చిన పాల దవడపన్ను మరి ఐదారేండ్లు బిడ్డ నోటిలోనే యుండి, అన్నము నమలనీయక, రాత్రి నిదురపోనీయక, ఒక్కొక్కప్పుడు చీముపట్టి దవడ వాచి జ్వరమును కూడ తెచ్చుచుండును. దానిని ముందుగా పీకివేసినచో ప్రక్కపండ్లు ఆ ఖాళీలోనికి ఒరిగివచ్చి, క్రిందనుండి మొలవవలసిన శాశ్వత దంతమునకు చోటు లేకుండ చేయును. వంకర పండ్లలో కొన్నింటికి మూలము ఈ తొందరపాటే.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. సుమారు 6వ యేట, పాలపండ్ల వరుసకు వెనుకగా, క్రింద రెండు, మీద రెండు దవడపండ్లు మొలచును. ఇవి ఏ పాలపంటిని తోసివేసి వచ్చునవి కావు. చడిచప్పుడు లేక వచ్చును. ఏ పన్నును ఊడలేదు గనుక ఇవియును పాలపండ్లే యని తల్లిదండ్రులు తలంతురు. నిజమునకు ఇవి శాశ్వత దంతములు, జీవితాంతము నమలుటకు ఆధారమైనవి. వీని పైభాగమున లోతైన గాళ్లుండును. ఆహారము అందులో ఇరుకును. మొలచుచున్నంత కాలము ప్రక్కపండ్లకంటె పొట్టిగా నుండుటచే బ్రష్షు వీనిని తాకదు. అందుచేత తక్కిన శాశ్వత దంతములకంటె ముందుగా పుచ్చునది తరచుగా ఈ ఆరవయేటి పన్నే. 8వ యేట దానిలో గుంట చూచి "ఇదియు ఊడునులే" యని ఊరకుండిన తల్లికి, దానికి మారుపన్ను లేదని అంతవరకు చెప్పినవారు ఎవరును లేరు.

పన్ను పుచ్చుటకు పురుగు కారణమను నమ్మకము పాతది. సంతలలో వాకుడు గింజల పొగ పట్టి పురుగులు రాల్చినట్లు చూపి డబ్బు తీసుకొనువారు ఉండిరి. ఆ రాలినవి పంటినుండి వచ్చినవి కావు. పంటిని తొలుచునది కంటికి కనబడని సూక్ష్మజీవుల పని. పంటిపై పాచిగా పేరుకొను ఈ జీవులు మనిషి తిన్న చక్కెరనే తిని ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము పంటిపై నుండు గట్టి తెల్లని పొరనుండి సున్నమును కరగించును. చక్కెర నోటిలో పడిన కొన్ని నిమిషములలోనే ఇది మొదలై అరగంట, ఒక్కొక్కప్పుడు గంట వరకు సాగును. పిమ్మట లాలాజలము ఆమ్లమును విరిచి, పోయిన సున్నమును కొంత తిరిగి చేర్చును. 1940 ప్రాంతములందు అమెరికాలో స్టీఫన్ అను పరిశోధకుడు పంటిపాచిలోని ఆమ్లమును కొలిచి ఈ హెచ్చుతగ్గులను చూపెను. దీనినిబట్టి తేలునదేమనగా, ఎంత తీపి తిన్నారన్నదానికంటె ఎన్నిమారులు తిన్నారన్నది ముఖ్యము. పండుగనాడు భోజనముతో నాలుగు బూరెలు తిన్న బిడ్డ పండ్లకు ఒక్కమారే దెబ్బ తగులును. దినమంతయు జేబులోని బిళ్లలను ఒక్కొక్కటిగా చప్పరించు బిడ్డ పండ్లకు కోలుకొను వ్యవధియే ఉండదు. రాత్రివేళ లాలాజలము ఊరుట తగ్గును గనుక, తీపిపాల సీసాను నోటనుంచుకొని నిదురించు పసిబిడ్డ ముందుపండ్లు అన్నింటికంటె ముందు పోవును.

ఈ సత్యమును స్థిరపరచిన ప్రయోగము ఒకటి స్వీడను దేశములో వీపెహోల్మ్ అను ఆశ్రమమున 1945లో ఆరంభమైనది. భోజనముతోపాటు చక్కెర తిన్నవారికి పండ్లు అంతగా పుచ్చలేదు. భోజనముల నడుమ పంటికంటుకొను మిఠాయి తిన్నవారికి విపరీతముగా పుచ్చినవి. ఆ మిఠాయి తినిపింపబడినవారు మనోవైకల్యము గల రోగులు. తమకు చేయబడుచున్నదేమో తెలిసి ఒప్పుకొనగల స్థితి వారిది కాదు. లోకమున తల్లులందరికి నేడు చెప్పబడుచున్న హితవు అట్టి నిస్సహాయుల నోటినుండి సంపాదింపబడినదని మరువరాదు.

ఒకప్పుడు పిప్పిపండ్లు కలవారి ఇంటి వ్యాధి. చక్కెర ఖరీదు వస్తువుగా నున్నంత కాలము పేదవాని బిడ్డకు జొన్నరొట్టె, గంజి, సజ్జసంకటియే గతి; తీపి పండుగకో పెండ్లికో వచ్చునది. పేదరికము చేసిన వేయి కీడులలో ఈ ఒక్క మేలు అనుకోకుండ జరిగినది. యుద్ధకాలపు ఐరోపాలో చక్కెర దొరకని సంవత్సరములలో పిల్లల దంతక్షయము తగ్గుటయు, బ్రిటనులో మిఠాయిలపై 1942లో విధించిన నియంత్రణము 1953లో తొలగిన పిమ్మట వ్యాధి మరల విజృంభించుటయు ఇట్టివే. నేటి స్థితి వేరు. ఊరి చివరి గుడిసె ప్రక్కనున్న బడ్డీకొట్టులో కూడ ఒక రూపాయి బిళ్లలు, ఐదు రూపాయల బిస్కత్తు పొట్లములు, రంగునీళ్ల సీసాలు దండలుగా వ్రేలాడుచున్నవి. తాగునీటి కొళాయి చేరని చోటికి కూడ ఈ పొట్లము చేరినది. పంటికి హాని చేయునది పేదయింటికి ముందు చేరినది. పంటిని కాపాడునది, అనగా ఫ్లోరైడు గల టూత్‌పేస్టు, నడచిపోగల దూరములోని దంతవైద్యుడు, ఇంకను చేరలేదు. ఈ నడిమి కాలములో పుట్టిన పిల్లల పండ్లు రెండింటి మధ్య నలుగుచున్నవి.

కలవారి పిల్లల పండ్లు పుచ్చుట లేదని దీని యర్థము కాదు. చాక్లెట్లు, కేకులు వారికి ఎక్కువగానే అందుచున్నవి. భేదము ఎచ్చట నున్నదనగా, వారి పుచ్చిన పన్ను పూడ్చబడును; వీరి పుచ్చిన పన్ను పుచ్చుచునే యుండును. ఒకే తరగతిలో ఇద్దరు పిల్లల నోళ్లను చూచి వారి తండ్రుల జీతభత్యములను ఊహింపవచ్చునన్నచో అది అతిశయోక్తి కాదు.

ఇంగ్లండులో 2022లో 5 ఏండ్ల బడిపిల్లలను పరీక్షించినప్పుడు 23.7 శాతమునకు దంతక్షయము కనబడినది. కాని మిక్కిలి పేద ప్రాంతములలో అది 35.1 శాతము, సంపన్న ప్రాంతములలో 13.5 శాతము. అచ్చట పిల్లలకు దంతచికిత్స ప్రభుత్వమే ఉచితముగా జరుపును. అయినను ఇంత భేదము! చికిత్స ఉచితమైనంత మాత్రమున అందరికి అందినట్లు కాదని దీనివలన తెలియుచున్నది.

ఇట్టి లెక్కలు వెలువడినప్పుడెల్ల పెద్దలు తల్లుల వైపు వేలు చూపుట పరిపాటి. "చదువులేని తల్లులు, శుభ్రత తెలియదు, బిడ్డ ఏడ్చిన బిళ్ల కొనిపెట్టుదురు." ఈ తీర్పు ఇచ్చువారు ఆ తల్లి దినమును ఒక్కమారు గంటలవారీగా చూడవలెను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, నీళ్లు పట్టి, వంట చేసి, ఆరింటికి కూలికో, పట్టణములో నాలుగిండ్ల పనికో బయలుదేరునామె బిడ్డ నిద్ర లేచుసరికి ఇంట నుండదు. బిడ్డకు పండ్లు తోమవలసినది ఎనిమిదేండ్ల అక్క. ఆ అక్కకు తోమినవారెవరు? బిడ్డ ఆకలి తీర్చుటకు టీలో ముంచిన బిస్కత్తు, అక్క చేతికి ఇచ్చిపోయిన ఐదు రూపాయలు. పొయ్యి వెలిగించు పని లేదు, నిలువయుండును, బిడ్డ మారాము చేయక తినును. ఆ పరిస్థితులలో అది తెలివితక్కువ నిర్ణయము కాదు. వేరుశనగలు, అరటిపండు, ఉడికించిన గ్రుడ్డు మేలైనవని ఆమెకు తెలియకపోలేదు. వానికి కావలసిన డబ్బును, సమయమును ఆమె యొద్ద లేవు.

సాధనముల సంగతియు అట్లే. ఇంటిల్లిపాదికి ఒక్క బ్రష్షు ఉన్న ఇండ్లు కలవు; బ్రష్షే లేక బొగ్గుపొడి, ఇటుకపొడి, కచ్చిక వాడు ఇండ్లును కలవు. బొగ్గు, ఇటుక పంటిని తెల్లగా కనబరచుట నిజమే కాని, ఆ గరుకునకు పైపొరయే అరిగిపోవును. వేపపుల్ల వేరు, దానిని చులకన చేయనక్కరలేదు. నేర్పుతో నమలి తోమువాని ముందుపండ్లను అది చక్కగా శుభ్రపరచును. కాని నాలుగేండ్ల బిడ్డ చేతిలో అది దవడపండ్ల వెనుకకు చేరదు, అందు ఫ్లోరైడు లేదు.

1942లో ఆస్ట్రేలియాలో హోప్‌వుడ్ అను శిశుసంరక్షణాలయము స్థాపింపబడినది. తల్లులు పోషించలేని స్థితిలో వచ్చి చేరిన సుమారు ఎనుబది మంది పిల్లలు అచ్చట పెరిగిరి. చక్కెర, మైదా లేని సాదా శాకాహారము వారికి పెట్టబడినది. ఆ పిల్లల నోటి శుభ్రత చెప్పుకొనదగినది కాకపోయినను, బయటి పిల్లలతో పోల్చినచో వారి పండ్లు ఆశ్చర్యకరముగా గట్టిగా నుండెను. పన్నెండు, పదుమూడేండ్లు వచ్చి ఆశ్రమమును వీడి అందరివలె తినసాగిన పిమ్మట వారి పండ్లును అందరివలెనే పుచ్చసాగినవి. పుట్టిన కులమును బట్టియు, రక్తమును బట్టియు పండ్లు పుచ్చవని చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శన మేమి కావలెను? చుట్టునున్న ఏర్పాటు మారినప్పుడు పేదబిడ్డ పన్ను కలవారి బిడ్డ పన్నుకంటె గట్టిగా నిలిచినది. ఆ ఏర్పాటు తొలగినప్పుడు ఆ రక్షయు తొలగినది.

అట్టి ఏర్పాటు ఈ దేశమున ఎచ్చట చేయవచ్చును? ప్రతి ఇంటికి పోయి ఉపన్యసించుటవలన కాదు. పేదవాని బిడ్డయు, నడితరగతివాని బిడ్డయు ఒకేచోట, ఒకేవేళ, పెద్దవారి కంటిముందు ఉండు స్థలములు రెండే: అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల. 1982లో తమిళనాడులో విస్తరింపబడి, 1995 ఆగస్టు 15 నాడు జాతీయ పథకముగా మొదలైన మధ్యాహ్న భోజనము అన్నము విషయములో ఈ సత్యమును ఋజువు చేసినది. ఆకలి ఇంటి సంగతియే యని ప్రభుత్వము ఊరకున్నచో కోట్లమంది పిల్లలు పస్తుండెడివారు. పండ్లు తోముటను మాత్రము ఇంటి సంగతిగా విడిచిపెట్టుట ఎందులకు?

స్కాట్లండు దేశము చేసిన పని ఇచ్చట చెప్పదగినది. అచ్చట శిశుపాఠశాలలన్నింటను ప్రతిదినము ఉపాధ్యాయుల సమక్షమున పిల్లలు ఫ్లోరైడు పేస్టుతో పండ్లు తోముకొందురు. పేద ప్రాంతములలో దీనికి తోడు సంవత్సరమునకు రెండుమార్లు పండ్లకు ఫ్లోరైడు పూత పూయుదురు. 2003లో ఆ దేశపు 5 ఏండ్ల పిల్లలలో పుచ్చుపండ్లు లేనివారు 45 శాతము. 2020 నాటికి 74 శాతము. పథకపు వ్యయముకంటె చికిత్సలలో మిగిలిన ధనమే అధికమని లెక్క తేలినది. అయినను దాచరాని మాట యొకటి కలదు: 2020లో కూడ సంపన్న ప్రాంతములలో పుచ్చు లేని పిల్లలు సుమారు 87 శాతము కాగా, మిక్కిలి పేద ప్రాంతములలో 58 శాతమే. బ్రష్షు పేదరికమును తుడిచిపెట్టజాలదు. కాని 58 మంది పిల్లలు నొప్పి లేక నిదురించుట చిన్న విషయము కాదు.

ఈ దేశపు బడిలో ఆ పని చేయుటకు భవనములు, యంత్రములు అక్కరలేదు. భోజనమైన పిమ్మట పిల్లలు ఎట్లును చేతులు, పళ్లెములు కడుగుటకు కొళాయి యొద్దకు పోవుదురు. అచ్చట మరి ఐదు నిమిషములు. పేరు వ్రాసిన బ్రష్షు ప్రతి బిడ్డకు. ఒకదానికొకటి తగులకుండ నిలువబెట్టుటకు రంధ్రములు చేసిన చెక్క. దుమ్ము పడకుండ పైన గుడ్డ. పేస్టు విషయములో ఉపాధ్యాయురాలి చేయియే ప్రధానము. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, మూడు మొదలు ఆరేండ్ల వరకు బఠాణీ గింజంత, అంతకు మించరాదు. ప్రకటనలలో బ్రష్షు పొడుగున పరచి చూపు పేస్టు అమ్మకము కొరకే గాని పంటి కొరకు కాదు. తోమిన తరువాత నురుగు ఉమ్మివేయవలెను గాని నీళ్లతో పుక్కిలించి ఫ్లోరైడునంతయు కడిగివేయరాదు. ఇది పెద్దలలో కూడ చాలమందికి క్రొత్తగా తోచు మాట. రాత్రి పడుకొనుటకు ముందు తోముట ఇంటిపని. బడిలో అలవాటు పడిన బిడ్డయే ఇంటిలో అడిగి తోమించుకొనును. ఏడెనిమిదేండ్లు వచ్చువరకు పెద్దవారి చేయి సాయముండవలెను.

ఫ్లోరైడు అను పేరు వినగానే తెలుగువారిలో కొందరు ఉలికిపడుట సహజమే. ఈ దేశమున ఫ్లోరైడు విషము వలన ఎముకలు బిగిసిపోవు వ్యాధిని మొదట 1937లో వైద్యులు గుర్తించి ప్రకటించినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండ ప్రాంతపు గ్రామములలో వంగిన కాళ్లతో నడచినవారిని చూచినవారికి ఆ పేరు చేదుగానే యుండును. భేదమంతయు మోతాదులో నున్నది. దినదినము త్రాగు నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు ఏండ్ల తరబడి ఒంటిలోనికి పోవుట వేరు. గింజంత పేస్టు పంటికి తాకి ఉమ్మివేయబడుట వేరు. నీటిలో ఫ్లోరైడు అధికమని తేలిన గ్రామములలో ఏ పేస్టు వాడవలెనో అచ్చటి వైద్యాధికారి నిర్ణయింపవలెను. అచ్చట మొదటి పని మంచినీరు. అట్టి గ్రామములలో పండ్లపై కనబడు తెల్లని చారలు, గోధుమరంగు మచ్చలు పుచ్చు కావు. ఎంత తోమినను పోవు. వానికై పిల్లలను దండించు ఉపాధ్యాయులు ఈ సంగతి తెలిసికొనవలెను.

ఇక పరీక్షల సంగతి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు సంవత్సరమునకు ఒకమారు ప్రభుత్వ పాఠశాలలకు, రెండుమార్లు అంగన్‌వాడీలకు పోయి పిల్లలను పరీక్షించుచున్నవి. దంతక్షయము కూడ వారు చూడవలసిన వ్యాధులలో నున్నది. ఇది గొప్ప యేర్పాటు. కాని పుచ్చిన పన్ను కనబడినప్పుడు జరుగునది తరచుగా ఒక చీటీ వ్రాసి యిచ్చుటయే. ఆ చీటీ పుస్తకముల సంచిలో కొంతకాలముండి చిరిగిపోవును. జిల్లా ఆసుపత్రికి పోవుట యనగా తల్లికో తండ్రికో ఒక దినపు కూలి పోవుట, ఇద్దరికి బస్సు చార్జీలు, అచ్చట పంక్తిలో నిలుచుట, ఒక్కొక్కప్పుడు మరల రమ్మనుట. "పాలపన్నే గదా" యను మాట ఇచ్చట అజ్ఞానముగా గాక ఆదాయవ్యయముల లెక్కగా పుట్టుచున్నది. వ్యాధి యున్నదని చెప్పి చికిత్స చూపని పరీక్ష ఎన్నిమార్లు జరిగినను, రిజిష్టరులో అంకెలు పెరుగుట తప్ప బిడ్డ నొప్పి తగ్గదు.

చికిత్సయే బడికి రావచ్చును. డ్రిల్లు, కుర్చీ, విద్యుత్తు లేకయే చేయగల పద్ధతులు నేడు కలవు. పుచ్చిన చోటును చేతి పనిముట్టుతో గీకి, గ్లాస్ అయొనోమర్ అను సిమెంటుతో పూడ్చు విధానము 1980 దశకము నడుమ టాంజానియా దేశములో, విద్యుత్తు లేని గ్రామముల కొరకే ఆరంభమైనది. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడు అను ద్రవమును కుంచెతో అద్దినచో పుచ్చు చాలమట్టుకు ముందుకు సాగక ఆగిపోవును. సూది లేదు, రక్తము లేదు, బిడ్డ ఏడ్వదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధముల జాబితాలో వీనిని చేర్చినది. ద్రవము పూసిన చోట పన్ను నల్లబడును. ఈ లోపము ముందుగా తల్లికి చెప్పి ఆమె అనుమతి తీసికొనవలెను. ముందుపంటిపై నల్లమచ్చ చూచి తోటివారు ఎగతాళి చేసిన బిడ్డ మరల నోరు తెరువదు. వెనుక దవడపండ్లకు ఆ చిక్కు లేదు. దేశమున దంతవైద్య కళాశాలలు మూడు వందలకు పైగా నున్నవి. పట్టభద్రులైన యువకులు పట్టణములలో ఒకే వీధిలో నాలుగు బోర్డులు కట్టుకొని రోగులకై ఎదురుచూచుచుండగా, పది మైళ్ల దూరమున బడిలో వంద నోళ్లు చూచువారు లేక పుచ్చుచున్నవి. ప్రతి కళాశాలయు తన చుట్టునున్న కొన్ని బడులను దత్తము చేసికొని, శిబిరము పెట్టి ఛాయాచిత్రము తీయించుకొని పోవుట మాని, అవే బడులకు ఏటేట పోవుచుండినచో ఈ అంతరము కొంత తగ్గును.

తీపి విషయమున చక్కెర మాని బెల్లము పెట్టిన చాలునను భ్రమ విస్తారముగా నున్నది. సూక్ష్మజీవులకు రెండును ఒక్కటే. తేనెయు అంతే. తెలుగులో పన్నునకును, పండునకును బహువచనము పండ్లే. ఆ రెండు పండ్లకును వైరము లేదు. జామకాయను కొరికి నమలినచో పంటికి మేలే. దానినే పిండి రసము చేసి సీసాలో పోసి దినమంతయు చప్పరింపజేసిన కీడు. తేనె, పండ్లరసములు, కలిపిన చక్కెర, ఇవన్నియు చేరి ఆహారశక్తిలో పదవవంతునకు మించరాదని, అందులో సగమైనచో ఇంకను మేలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.  కొన్ని రాష్ట్రములలో బడిలో ఇచ్చు వేరుశనగ చిక్కి రక్తపుష్టికి ఉద్దేశింపబడినది. దానిని మానిపించుమనుట తగదు. భోజనముతోనే పెట్టి, వెంటనే నోరు కడిగించిన చాలును. పుట్టినదినమునకు తరగతికంతటికి చాక్లెట్లు పంచు అలవాటు, సరియైన జవాబు చెప్పిన పిల్లవానికి బిళ్ల ఇచ్చు ఉపాధ్యాయుని వాత్సల్యము మాత్రము మారవలెను. ఒక పెన్సిలు ఇచ్చినను బిడ్డ అంతే సంతోషించును.

పంటిపై పన్ను కూడ కొంత తగ్గినది. టూత్‌పేస్టుపై 18 శాతముగా నుండిన వస్తుసేవల పన్ను, బ్రష్షుపై నుండినదియు, 2025 సెప్టెంబరులో 5 శాతమునకు దింపబడినవి. ఈ తగ్గింపు దుకాణపు ధరలో కనబడునట్లు చూచుట, పాఠశాలలకు టోకున కొని ఇచ్చుట ఇప్పుడు అధికారుల వంతు. గ్రామ పంచాయతీలకు, పాఠశాల యాజమాన్య సంఘములకు ఇది పెద్ద ఖర్చు కాదు. జాతరలో ఒక పూట మైకుసెట్టుకు అగునంత ఉండవచ్చును.

తెలుగు ప్రాంతములలో బడులు జూనులో తెరచెదరు. ఆ దినమున ఒకటవ తరగతిలో చేరిన పిల్లలలో కొందరికి పాలపండ్ల వెనుక చిగురు అప్పటికే తెల్లగా ఉబ్బియుండును. మరి కొందరికి సంక్రాంతి సెలవుల నాటికి, మిగిలినవారిలో చాలమందికి వేసవి సెలవులలోగా ఆరవయేటి పన్ను పైకి వచ్చును. ఉపాధ్యాయురాలు పేర్లు పిలుచునప్పుడు నెలకొకమారు ఒక్కొక్కరి నోటి వెనుకభాగమును వెలుతురులో చూచి, ఆ పన్ను మొలచిన దినమును హాజరు పట్టీ అంచున గుర్తుంచుకొనినచో, ఆ బిడ్డకు బ్రష్షు ఎచ్చటివరకు పోవలెనో ఆమె ఆ దినముననే చూపగలదు.